బట్టీలో ఏడుగురు

మే 28, బుధవారం

ఈ పుస్తకం బట్టీ కోసం పెట్టుకున్నది. ఏ శనివారం ఎన్ని రొట్టెలు, ఏ కట్టె, ఎన్ని గంటలు మండించాను, అవి రాసుకోవడానికి. ఇవాళ వెనక పేజీ నుంచి మొదలుపెట్టి వేరే సంగతి రాస్తున్నాను. ఎవరితోనైనా చెబితే పరువు పోతుంది. చెప్పకపోతే తల పగిలేలా ఉంది.

అన్సెల్మో నా పేరు ఇచ్చాడు.

పంచాయతీ తలుపు మీద కాగితం అంటించారు. లిస్బన్ కంపెనీ ఒకటి అల్జుబరోటా యుద్ధం మీద ఎనిమిది భాగాల సీరియల్ తీస్తోందట. రొట్టెల బ్రీతెస్ వేషానికి ఈ చుట్టుపక్కల ఊళ్ళ ఆడమనిషే కావాలట. ఒక్కటే సీను. యుద్ధంలో ఓడి పారిపోయి వచ్చిన ఏడుగురు పక్కరాజ్యం కాస్తీలు సైనికులు ఆమె బట్టీలో దాక్కుంటారు, ఆమె రొట్టెలు బట్టీలోకి తోసే పొడుగు తెడ్డుతో ఏడుగురినీ చంపేస్తుంది. ఈ కథ మాకు పాలతో పాటు పోస్తారు. ఆమె అనాకారి అనీ, మగాడి కట్టు అనీ, చేతికి ఆరేసి వేళ్ళనీ కూడా పోస్తారు. కాగితం కింద రాసింది నేను స్వయంగా వెళ్ళి చదివాను: “వయసు నలభై అయిదు నుంచి అరవై. వెడల్పైన భుజాలు, బలమైన చేతులు, మొరటు ముఖం.”

దాని కింద నా పేరు. మా ఆయన దస్తూరీ.

“ఏమయ్యా, మొరటు ముఖం అన్నది చదివావా?”

“చదివాను.”

“చదివి నా పేరు రాశావా?”

“వెడల్పైన భుజాలు అని కూడా ఉంది కదే.”

సూప్‌లో ఉప్పు వెయ్యలేదు. గిన్నె ఖాళీ చేసి, బాగుందన్నాడు.

మే 29

మాట్లాడలేదు.

మే 30

మాట్లాడలేదు. ఆయన గమనించినట్టు లేదు.

జూన్ 2, సోమవారం

పంచాయతీ ప్రెసిడెంటు బెలర్మీనో వచ్చి నా వంటింట్లో ముప్పై అయిదు నిమిషాలు కూర్చున్నాడు. కాఫీ రెండుసార్లు, మొక్కజొన్న రొట్టె నాలుగు ముక్కలు.

“చూడు జుల్మీరా, ఇంగ్లీషువాళ్ళు గెలిచిన ప్రతి వీధి గొడవకీ సినిమా ఉంది. ఫ్రెంచివాళ్ళు ఓడిపోయినవాటికీ ఉంది. మనం ఆరువేల అయిదువందల మందితో ముప్పై వేలమందిని ఒక్క మధ్యాహ్నంలో తరిమికొట్టాం. మనకేముంది? బడిపిల్లల నాటకం! అట్టముక్క కత్తులు!”

“మనం అంటే నువ్వూ ఉన్నావా అందులో?”

“నా రక్తం ఉంది.”

“రక్తపోటు అని డాక్టరు చెప్పాడు, అది జాగ్రత్త.”

నవ్వలేదు. కంపెనీవాళ్ళకి పాతకాలం బట్టీ కావాలట, ఇరవై కిలోమీటర్ల చుట్టుపట్ల నిప్పు పడుతున్నది నాదొక్కటేనట. ఈ రెండో మాట నాకు తెలుసు. మిగతావాళ్ళు తమ బట్టీల్ని మాంసం కాల్చుకునే గూళ్ళుగా మార్చి, ఇంటి ముందు తెల్లసున్నం కొట్టి, రొట్టెలకి నా దగ్గరికి వస్తున్నారు. శనివారం తొమ్మిది ఇళ్ళ పిండి. ప్రతి ఇంటికీ దాని గుర్తు: గ్రసియేత్‌వాళ్ళది రెండు గీతలు, ప్రెసిడెంటు ఇంటిది బొటనవేలి నొక్కు. పచ్చిపిండి మీద ఆ గుర్తులు మా తాత కాలం నుంచీ అవే.

వెళ్ళేటప్పుడు గుమ్మంలో తిరిగి, “ముఖం గురించి మనసులో పెట్టుకోకు, వేషం కోసం అలా రాస్తారు” అన్నాడు. దాని గురించి నేను ఒక్క మాట ఎత్తలేదు. అంటే ఊరంతా చదివింది.

జూన్ 7, శనివారం

నలభై ఒక్క రొట్టెలు, మూడు విడతలు. ఓక్ కట్టె.

పక్కింటి గ్రసియేత్ తన పిండి తట్ట దింపుతూనే మొదలుపెట్టింది.

“మా ఆయన నా పేరు రాయలేదు చూశావా వదినా. ‘నువ్వు ఆ వేషానికి సరిపోవే, సుకుమారంగా ఉంటావు’ అన్నాడు.”

“మంచిదేగా.”

“మంచిదే. కానీ అడగనైనా అడగాలి కదా. నాకు మాత్రం భుజాలు లేవా?”

ఉన్నాయి. నాకంటే అంగుళం ఎక్కువే ఉంటాయి. అనలేదు.

జూన్ 11, బుధవారం

డైరెక్టరు వచ్చింది. పేరు కొన్స్తాన్సా, ముప్పై రెండేళ్ళు ఉంటాయేమో, మగాడి చెప్పులు. బట్టీ ముందు మోకాళ్ళ మీద కూర్చుని తల లోపలికి పెట్టి చాలాసేపు చూసింది. మర్యాద తెలిసిన పిల్ల. తల తీశాక మసి తుడుచుకోలేదు.

“జుల్మీరా గారూ, ఆ తెడ్డు ఒకసారి ఎత్తుతారా?”

ఎత్తాను. అదేం పెద్ద పని కాదు, వారం వారం ఎత్తేదే.

“ఇంకోసారి. నా వైపు చూడకండి, బట్టీ వైపు చూడండి.”

ఎత్తాను. ఆ అమ్మాయి తనలో తను అనుకున్నట్టుగా, “లిస్బన్‌లో నలభై మందిని చూశాను, ఒక్కళ్ళకీ ఇది రాలేదు” అంది.

వేషం నాదేనట. కానీ బట్టీ వెనక గోడకి కన్నం కొట్టాలట.

“చిన్న కిటికీ అంత చాలండీ. కెమెరా లోపలే ఉంటుంది. లోపల దాక్కున్నవాళ్ళకి మీరెలా కనిపిస్తారో చూసేవాళ్ళకీ అలాగే కనిపించాలి. ఆ సీను కోసమే ఈ సీరియల్ ఒప్పుకున్నాను నేను.”

“కన్నం ఉన్న బట్టీలో రొట్టె కాలదమ్మా.”

“తర్వాత మూయించేస్తాం.”

“అతుకేసిన బట్టీ గోపురం రెండు మంటలకి పగులుతుంది. ఆ మట్టి కలపడం తెలిసినవాళ్ళు ఇప్పుడెవరూ లేరు.”

“ఆలోచించండి. తొందర లేదు. ముప్పయ్యో తారీకులోగా చెప్పండి.” అంటే తొందరే.

పోతూ పోతూ ఇంకోటి అడిగింది. ఇందులో నిజంగా ఎంతమంది పడతారు? నేను టేపు తెచ్చి కొలిచి చెప్పాను. నేల అడ్డంగా నూట ఎనభై సెంటీమీటర్లు, నడుమ ఎత్తు డెబ్బై, నోరు వెడల్పు యాభై అయిదు. మామూలు మగవాళ్ళు నలుగురు. రాసుకుంది.

జూన్ 12

ఆ వేషం నాకక్కర్లేదు.

జూన్ 15, ఆదివారం

అక్కర్లేదు. అయినా వెనక గోడ సంగతి ఒకటి నమోదు చేసి ఉంచడం మంచిది. ఈశాన్యం మూల బీట రెండేళ్ళుగా ఉంది. ఈ ఏడాది కాకపోతే వచ్చే ఏడాదైనా దాన్ని విప్పాల్సిందే. మా తాత కట్టాడన్న మాటే గానీ ఆయనేమీ దేవుడు కాదు. వానాకాలంలో అటుపక్క రొట్టెలు తెల్లగా ఉండిపోతాయి, అది ఆయన తప్పే.

తెడ్డు పిడి వదులైంది. బిగించాను. సరిగా బిగిసిందో లేదో తెలియాలంటే ఎత్తి చూడాలి. పద్నాలుగు సార్లు ఎత్తి చూశాను. నడవాలో అయితే వెలుతురు బాగుంటుంది. అద్దం అక్కడ ఉండడం వేరే సంగతి.

జూన్ 17

అన్సెల్మో రాళ్ళ గని నుంచి వచ్చి, భోజనం మధ్యలో, “ఏం తేల్చుకున్నావు?” అన్నాడు.

“దేని గురించి?”

“సరేలే.”

ఆయన మాట పొడిగించడు. ఆ సరేలే అన్న మాటని ఇరవై ఎనిమిదేళ్ళుగా వింటున్నాను. ఒక్కోసారి రాయి చెక్కినట్టు ఆ మనిషిని చెక్కి లోపల ఏముందో చూడాలనిపిస్తుంది.

జూన్ 21, శనివారం

ముప్పై ఎనిమిది. బీట పెద్దదవుతోందనే అనుకుంటున్నాను. గ్రసియేత్‌ని పిలిచి చూపించాను. “నాకేం కనిపించట్లేదు వదినా” అంది. ఆమెకి కళ్ళజోడు మార్చాల్సిన అవసరం ఉంది.

జూన్ 23, సోమవారం

పెద్ద రభస. కంపెనీ నుంచి కథ కాగితాలు పంచాయతీకి వచ్చాయి. అందులో సైనికులు ముగ్గురే. నిజమైన బట్టీలో నలుగురికి మించి పట్టరని “స్థానిక నిపుణురాలు” కొలిచి చెప్పిందట, ముగ్గురైతే ఇంకా నమ్మేలా ఉంటుందట.

ఆ నిపుణురాలు నేనే.

బెలర్మీనో లోపలికి రాలేదు, కిటికీలోంచే అరిచాడు.

“నలుగురిని బతికించావు! శత్రువుల్ని! ఆరువందల నలభై ఏళ్ళుగా చచ్చి ఉన్నవాళ్ళని!”

“నన్ను అడిగింది కొలత. కొలత చెప్పాను.”

“కొలత! జాతి గౌరవానికి టేపు పెట్టావు!”

“మరి నువ్వు కొలుచుకో. నోరు యాభై అయిదు సెంటీమీటర్లు. బట్టీది. నీది వేరే.”

ఖాళీ తట్ట తీసుకోవడానికి వచ్చిన ముసలామె ఒకామె కూడా, “ముగ్గురినైతే నేనూ చంపుతాను” అని విసుక్కుంటూ వెళ్ళిపోయింది. నాకు ఆ యుద్ధంతో ఏ పేచీ లేదు. సీరియల్ తియ్యాల్సిన యుద్ధమే. కానీ దేశం నిలబడింది ఏడు అనే అంకె మీద అన్నట్టు మాట్లాడితే ఏం చెయ్యను? ఉన్నదాన్ని ఉన్నట్టు చెప్పడం ఈ ఊళ్ళో నేరమైంది.

జూన్ 26, గురువారం

ఒప్పుకుంటున్నాను. కాగితం మీద సంతకం పెట్టి సొరుగులో ఉంచాను. సోమవారం ఇస్తాను. కారణాలు:

బీట ఎలాగూ ఉంది.

తొమ్మిది ఇళ్ళవాళ్ళూ దుకాణం రొట్టె తినలేనివాళ్ళేం కాదు. ఈ వారం వాళ్ళు నాతో మాట్లాడిన తీరు చూస్తే దుకాణం రొట్టె తినడమే న్యాయం.

మూడోది ఉంది. రాయడం అనవసరం.

జూన్ 28, శనివారం

నలభై మూడు. తొమ్మిది ఇళ్ళకీ గుర్తులు నేనే పెట్టాను. ఇది ఆఖరిదని ఎవరికీ చెప్పలేదు. బొటనవేలి నొక్కు కొంచెం గట్టిగానే నొక్కాను. రొట్టెలన్నీ బాగా వచ్చాయి, వెనక మూలవి కూడా. చిరాకేసింది.

జూన్ 29, ఆదివారం

జరిగింది జరిగినట్టు, వరసగా రాస్తాను.

చర్చిలో పూజకి పదకొండుకి వెళ్ళాను. మగవాళ్ళ బల్లలు ఖాళీగా ఉండడం చూశాను, బంతాట ఉందేమో అనుకున్నాను. పన్నెండుంపావుకి ఇంటికి వచ్చాను. పెరట్లో గ్రసియేత్ ఫోను పట్టుకుని బట్టీ నోటికి ఎదురుగా వంగి ఉంది. నన్ను చూసి, “అయ్యో వదినా, పూజ అప్పుడే అయిపోయిందా?” అంది.

బట్టీ నోట్లో రెండు పాదాలు కనిపించాయి. ప్రెసిడెంటు బూట్లు.

లోపలి నుంచి ఎవరో, “మోకాలు తియ్యరా నా మెడ మీంచి” అంటున్నారు. ఇంకెవరో, “లెక్కపెట్టవే గ్రసియేత్, ఏడు కాళ్ళజతలు కనబడాలి, డైరెక్టరుకి పంపాలి” అంటున్నారు. శనివారం మంట వేడి ఆదివారానికి కూడా గోపురంలో నిలిచే ఉంటుంది. కాస్త ఉడుకుతున్నట్టే ఉన్నారు, గొంతులు అలా ఉన్నాయి.

నవ్వొచ్చేదే. అప్పుడు నేల మీద చూశాను. నా బట్టీ నోటి పైరాయి, దాని పక్కరాయి, విప్పి గడ్డి మీద పెట్టి ఉన్నాయి. శుభ్రంగా, అంచు విరగకుండా విప్పారు. అంత నేర్పుగా రాయి విప్పగలిగినవాడు ఊళ్ళో ఒక్కడే. పక్కనే ఆయన ఉలి.

“అన్సెల్మో!”

ప్రెసిడెంటు బూట్లు గబుక్కున లోపలికి ముడుచుకున్నాయి.

“అన్సెల్మో, లోపలున్నావా?”

అందరికంటే అడుగు నుంచి ఆయన గొంతు: “బెలర్మీనో పొట్ట పట్టలేదే. రెండే రాళ్ళు. మళ్ళీ పెట్టేస్తాను.”

ఇంకా నా సొరుగులో వెనక గోడ పడగొట్టమని సంతకం పెట్టిన కాగితం ఉంది. అది నాకు తెలుసు. ఆ నిమిషంలో అది గుర్తు లేదు. గుర్తున్నది ఒక్కటే, నన్ను అడగకుండా నా బట్టీ మీద ఉలి పెట్టారు.

తెడ్డు గోడకి ఆనించి ఉంది. తీసుకున్నాను.

“బయటికి రండి.”

“ఒక్క ఫోటో తీసుకుని...”

“రండి!”

లోపల తిరగడానికి చోటు లేదు. అందుకని ఒక్కొక్కడూ వెనక్కి పాక్కుంటూ, ముందు కాళ్ళు, తర్వాత పిరుదులు, ఆఖరున తల, ఆ వరసలో బయటికి వచ్చారు. వరసలో రెండోది బయటపడగానే తెడ్డు బల్లపరుపు వైపుతో ఒక దెబ్బ. మనిషికి ఒకటి. ప్రెసిడెంటుకి రెండు, ఎందుకంటే మొదటిది తగిలాక “ఇది చరిత్ర కోసం జుల్మీరా!” అన్నాడు. ప్రతి దెబ్బకీ ఒక మాట అన్నాను. ఆ మాటలు ఇక్కడ రాయను. పూజ నుంచి అప్పుడే వచ్చినదాన్ని.

ఆఖరువాడు అన్సెల్మో. మసితో కళ్ళు మాత్రమే కనిపిస్తున్నాయి. ఆయనకీ అంతే బలంతో ఒకటి.

గ్రసియేత్ తీసిన ఫోటోలన్నీ చూశాను. కొన్నిట్లో బూటు మడమలు, మిగతావాటిలో ఆమె వేలు.

పడ్డవాళ్ళు ఏడుగురు. నా లెక్క తప్పు. రొట్టెలు ఒకదానికొకటి తగలకూడదు కాబట్టి నేను మధ్యలో సందు వదిలి లెక్క కట్టాను. మగాళ్ళకి సందు అక్కర్లేదు.

జూన్ 30, సోమవారం

కాగితం చించేశాను. కొన్స్తాన్సాకి ఫోన్ చేశాను.

“కన్నం వద్దమ్మా. వేషమూ వద్దు. ఏడుగురు పడతారు, అది మాత్రం రాసుకో. కొలత తప్పు చెప్పాను.”

“అయ్యో! అంత చక్కగా ఎత్తారే మీరు. పోనీ బయటి నుంచే తీస్తాను, లోపల కెమెరా లేకుండా. చేస్తారా?”

ఆ అమ్మాయి మంచిది, నా కోసం సీను మార్చుకుంటానంది. ఒప్పుకుని ఉండాల్సింది.

“నిన్న చేసేశానమ్మా. మళ్ళీ చేస్తే అబద్ధంలా ఉంటుంది.”

“నిన్నా? ఏం చేశారు?”

చెప్పాను. ఆ అమ్మాయి అవతల ఫోను కింద పెట్టేసి నవ్వినట్టుంది, దూరంగా వినిపించింది. తర్వాత అడిగింది, దెబ్బ దెబ్బకీ ఏమన్నారో చెప్పండి, వేషం వేసే ఆమె చేత అనిపిస్తాను అని. చెప్పలేదు. అవి ఆ ఏడుగురికి చెందినవి.

జూలై 3

అన్సెల్మో రాళ్ళు తిరిగి పెడుతున్నాడు. సాయంత్రాలు. సున్నం నేను కలుపుతున్నాను, ఆయన అడగలేదు, నేను చెప్పలేదు.

“సీరియల్‌వాళ్ళు బట్టీ కట్టుకుంటున్నారటగా, చెక్కతోనూ ప్లాస్టరుతోనూ, లిస్బన్‌లో” అన్నాడు.

“కట్టుకోనీ.”

“మొరటు ముఖం అన్నదానికి కాదే నేను నీ పేరు రాసింది.”

నేను సున్నం కలుపుతూనే ఉన్నాను.

“ఆ కాగితం చదివి కళ్ళు మూసుకుని చూశాను. తెడ్డు పట్టుకుని గుమ్మంలో నువ్వు తప్ప ఎవరూ నిలబడలేదు. గ్రసియేత్‌ని నిలబెట్టి చూశాను. నవ్వొచ్చింది.”

“కళ్ళు మూసుకుంటే ముఖం ఎలా ఉందో?”

“కోపంగా.”

ఆ ఒక్క మాట కోసం నెల పైగా పట్టింది ఆ మనిషికి. అది మెచ్చుకోలో కాదో ఇప్పటికీ తేల్చుకోలేకపోతున్నాను. ఆ రోజు సూప్‌లో ఉప్పు సరిగానే వేశాను.

జూలై 12, శనివారం

రాళ్ళు ఆరాక మొదటి మంట. చిన్న మంటతో మూడు రోజులు వేడెక్కించాకే. ఇరవై తొమ్మిది రొట్టెలు. తొమ్మిది ఇళ్ళవాళ్ళూ వచ్చారు, ప్రెసిడెంటు తప్ప. ఆయన భార్య తట్ట తెచ్చింది. “కూర్చోలేకపోతున్నాడు, లేకపోతే వచ్చేవాడే” అంది. పదమూడు రోజులైంది. అంత గట్టిగా కొట్టలేదు.

బీట కనిపించలేదు. బాగా వెతికాను.

జూలై 19

చిరాకు. గ్రసియేత్ చెబుతున్న కథలో ఎనిమిదిమంది ఉన్నారు. ఎనిమిదోవాడు ఎవరే అని అడిగితే, “నువ్వు ఆవేశంలో ఉన్నావు వదినా, నీకు తెలియదు” అంది. తెడ్డు విరిగిందట. విరగలేదు, నా ఎదురుగా ఉంది. చెంబుడు నీళ్ళు నిప్పుల మీద పోసి ఆవిరి పెట్టానట. నిప్పులే లేవు.

రోడ్డు పక్క కాఫీ దుకాణానికి వెళ్ళి అందరి ముందూ చెప్పి వచ్చాను: మనుషులు ఏడుగురు, దెబ్బలు ఎనిమిది, తెడ్డు ఒక్కటే, అది క్షేమం. అందరూ శ్రద్ధగా విన్నారు. నేను గుమ్మం దాటకముందే ఒకాయన, “చూశారా, సిగ్గుపడుతోంది” అన్నాడు.

ఆగస్టు 2

తొమ్మిది మంది.

ఆగస్టు 14, గురువారం

యుద్ధం జరిగిన రోజు. అల్జుబరోటాలో జాతర. రొట్టెల బల్ల దగ్గర నన్ను కూర్చోబెట్టారు. ఎండ. అట్టముక్క కత్తులవాళ్ళు పొద్దుటి నుంచీ ఒకరినొకరు చంపుకుంటూనే ఉన్నారు.

మధ్యాహ్నం ఎవరో ఒకావిడ, సముద్రం వైపు ఊరామె, రొట్టె తీసుకుని అక్కడే నిలబడి ముక్క తుంచుకుని తినడం మొదలుపెట్టింది. చెమట తుడుచుకుంటూ నాతో మాట కలిపింది.

“ఈ రొట్టె మీ ఊళ్ళోదేనా అక్కా? అయితే నీకు తెలిసే ఉంటుంది. మీ వైపు ఊళ్ళో ఎవరో ఉందటగా, మగాళ్ళు ఆమె బట్టీ పడగొట్టడానికి వస్తే ఒక్కత్తే తెడ్డు పుచ్చుకుని కొట్టిందట?”

“విన్నాను.”

“మొన్న జూన్‌లోనేనట! పాతకాలం మాట కాదు. మా ఆయన నమ్మట్లేదు. ఎనిమిదిమందిని ఒక్క ఆడది కొట్టడమేంటి, ఉత్తుత్తి కథ అంటాడు. సీరియల్‌లో బ్రీతెస్ కథనే పట్టుకొచ్చి అతికించారంటాడు.”

ఆమె వెనకాల నాలుగడుగుల దూరంలో ఆయన నిలబడి ఉన్నాడు. చేతులు కట్టుకుని, పెదవి ఒక పక్కకి లాగి, ఆడవాళ్ళ మాటలు అయ్యేదాకా ఓపిక పడుతున్నవాడి ముఖంతో.

నా దగ్గర తారీకు ఉంది. గంట ఉంది. మనుషుల పేర్లు వరసగా ఉన్నాయి. ఏడు అని చెప్పడానికే నోరు తెరిచాను.

ఆయన పెదవి ఇంకొంచెం లాగాడు.

“ఎనిమిదిమంది అని ఎవరు చెప్పారమ్మా నీకు?” అన్నాను, ఆయనకి వినబడేలా. “పదకొండు మంది.”